కంతుల కార్డు మీద చెల్లెలి సంతకం

నా బతుకులో నేను ఎక్కువగా కుళ్ళుకున్నది ఒక అట్టముక్కను చూసి అంటే నవ్వుతారు. అరచెయ్యంత కార్డు. పైన కుట్టుమిషను బొమ్మ, కింద నెలకొకటి చొప్పున ఇరవైనాలుగు గళ్ళు. కంతు కట్టిన నెల గడిలో మిషను కంపెనీ ఏజెంటు ఊదారంగు ముద్ర వేస్తాడు. పులివెందులలో మా తమ్ముడి బిడ్డను ఉయ్యాల్లో వేసిన రోజు, మా చెల్లెలు ఆ కార్డు తీసి నలుగురు ఆడవాళ్ళ ముందు మా అమ్మకు చూపించింది. "నాలుగు ముద్రలు పడినాయిమా. ఇంగ ఇరవై ఉండాయి" అంది. నా కడుపులో మంట రేగింది. రెండు చెంబుల నీళ్ళు తాగినా ఆరలేదు.

ఎందుకంత మంట అంటే, మా ఇద్దరి సంసారాలూ ఒకేసారి మునిగాయి. మాది ప్రొద్దుటూరు, వాళ్ళది జమ్మలమడుగు. మా ఆయనా, చెల్లెలి మొగుడూ కలిసి శెనక్కాయల వ్యాపారం చేసేవాళ్ళు. ధర పెరుగుతుందని గోదాము నిండా కాయలు నిలవ పెట్టారు. ధర పడిపోయింది. ఇద్దరూ ఒకే వారంలో ఐ.పి. పెట్టారు. అంటే, అప్పులు తీర్చలేను మహాప్రభో అని కోర్టులో చేతులెత్తేశారు. అప్పుడు ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని. ఆ తర్వాత రాజధాని హైదరాబాదుకు పోయింది గానీ, మా ఇంటి మీద పడిన మచ్చ మాత్రం ఎక్కడికీ పోలేదు.

మా చెల్లెలి ఇంటి మీద అసలు మచ్చే పడలేదు. అదే నాకు అర్థం కాని సంగతి. ప్రొద్దుటూరులో నేను అంగడికి వెళ్తే, సేటు మొదట నా చేతిలో డబ్బులున్నాయా అని చూసేవాడు. తర్వాతే పప్పు తూచేవాడు. జమ్మలమడుగులో మా చెల్లెలు చీటీ ముక్క రాసి పంపితే సరుకుల మూట ఇంటికే వచ్చేది. ఒకే బురదలో పడి లేచినవాళ్ళం, దాని కాళ్ళకు మాత్రం బురద అంటలేదు. పైగా ఇప్పుడు దానికి కుట్టుమిషను కూడా కంతుల మీద వచ్చింది.

మిషను నాకు కావాలి. మా ఆయన పత్తి మిల్లులో గుమాస్తాగా చేరాడు. ఆ జీతం ఇరవయ్యో తేదీకి అయిపోయేది. నేను చేత్తో రవికలు కుట్టేదాన్ని. రోజంతా కూర్చుంటే ఒకటి అయ్యేది. మిషనుంటే నాలుగు అవుతాయి, ఇంటి బాడుగ కట్టుకుంటాం. లేదంటే సామాను సర్దుకొని పులివెందులలో మా తమ్ముడి వసారాలో చేరాలి. మరదలు పెట్టే అన్నం తినడం కంటే పస్తుండటం నయమని నాకు తెలుసు.

ఏజెంటు కడప నుంచి నెలకోసారి బస్సులో వచ్చేవాడు. పిలిపించి కూర్చోబెట్టాను. "ఐ.పి. పెట్టింది ఆయన, నేను గాదు. నా పేరున రాయప్పా" అన్నాను.

"పేరు నీదేలేమ్మా. ఇల్లు ఒగటే గదా" అన్నాడు. "ఈ వీధిలో ఎవరన్నా ఒకరు, ఈ ఇంటోళ్ళు కడతారు అంటే సాలు. రాసిచ్చి పోతా."

ఇంతేనా అనుకున్నాను. ఎనిమిదేళ్ళు మా ఇంటికి పాలు పోసిన మనిషి రెండిళ్ళ అవతలే ఉంది. ఆమెను పిలిచాను. ఏజెంటు అడిగాడు. ఆమె నా మొహం చూడకుండా అతనితోనే చెప్పింది.

"ఈయమ్మ మాట నన్నడగొద్దు సామీ. నేను బాకీ ఇయ్యమని ఒక్కనాడు వాకిట్లో నిలబడల్యా. పదకొండు రూపాయలకు నాకు కోర్టు కాగితం పంపిచ్చినారు. బంట్రోతు వచ్చి నలుగురిలో నా పేరు పెట్టి పిలిచినాడు. ఏం దొంగతనం చేసినావని నా అల్లుడి తరఫోళ్ళు అడిగినారు. శానా ఏడ్సినా."

ఐ.పి. కాగితంలో, మనం ఎవరెవరికి బాకీ ఉన్నామో జాబితా రాసివ్వాలి. ఆ పేర్లన్నిటికీ కోర్టు నోటీసులు పంపుతుంది. మా ఆయన అక్షరం పొల్లుపోనివ్వని మనిషి. పాలామె, చాకలి, పూలామె, ఎవరినీ వదలకుండా రాశాడు. ఇంత శుభ్రమైన జాబితా చూడలేదని జడ్జీగారు అన్నారట. ఆ మాట ఇంటికొచ్చి చెప్పుకొని పొంగిపోయాడు. నేనూ పొంగిపోయాను. ఆయన రాస్తుంటే పక్కన కూర్చొని, "పూలామెకు మూడు రూపాయలు, మర్చిపోయినావు" అని గుర్తు చేసింది నేనే. కోర్టు గడప ఎరగని మనిషికి ఆ కాగితం ఎట్లా ఉంటుందో మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

ఏజెంటు కాగితాలు సంచిలో పెట్టుకొని లేచాడు.

మర్నాడే జమ్మలమడుగు బస్సెక్కాను. మా చెల్లెలు వసారాలో మిషను తొక్కుతోంది. ఆ చప్పుడు వింటేనే నాకు ఒళ్ళు మండింది. మంచినీళ్ళు కూడా తాగకుండా అడిగాను, "మీ ఆయన జాబితాలో పాలోళ్ళూ చాకలోళ్ళూ లేరా?" అని.

"చిన్నోళ్ళను యాడన్నా కోర్టుకెక్కిస్తారా అక్కా?" అంది. "కాగితం పెట్టే ముందురోజు నా గాజులమ్మి వాళ్ళకంతా ఇచ్చేసినాం. పెద్దోళ్ళను మాత్రం రాసినాం."

"అందరికీ సమంగా పంచాల్సింది ముందే కొందరికిచ్చి దాచిపెడితే, అది కోర్టును మోసం చేయడం గాదా?"

"మోసమే" అంది, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

ఇదెక్కడి న్యాయం అనిపించింది. ఉన్నదున్నట్టు రాసిన నా మొగుడికి పాలు పోసేవాళ్ళు లేరు. కోర్టు కళ్ళు కప్పినవాడు ఊళ్ళో మర్యాదస్తుడు. ఆ మాటే దాని మొహాన అనబోయాను. ఇంతలో నా చేతులు నాకే కనిపించాయి. నా గాజులు నాలుగూ నా చేతులకే ఉన్నాయి. ఆడదాని బంగారం జోలికి కోర్టు రాదని ప్లీడరు గుమాస్తా చెప్పినప్పుడు, ఆ ఒక్క మాటా నాకు చాలా బాగా నచ్చింది. కొంగు ముందుకు లాక్కొని చేతులు కప్పుకున్నాను.

తర్వాత గొంతు తగ్గించి పూచీ సంగతి చెప్పాను. అప్పటికి ఎనిమిది ముద్రలు పడ్డ కార్డు దానిది. దాని సంతకం ఉంటే ఏజెంటు కాదనడు. ఒక్క మాట దెప్పుతుందని చూశాను. దెప్పి ఉంటే నాకు బరువు తగ్గేది. అది మాత్రం చెయ్యి తుడుచుకొని, "యాడ పెట్టల్ల సంతకం?" అని అడిగింది. అంతే.

మిషను వచ్చింది. బాడుగ గట్టెక్కింది. పులివెందులకు సామాను మోసే అవసరం రాలేదు. మొదటి నెల డబ్బుల్లో పాలామె పదకొండు రూపాయలూ తీసుకెళ్ళి ఇచ్చాను. ఆమె తీసుకుంది. "దుడ్లు వచ్చినాయి సరే. ఆ పొద్దు పిలిచిన పిలుపు వెనక్కి పోదు గదమ్మా" అంది. మర్నాటి నుంచి పాలు పోసింది గానీ, లోటా చేతికిచ్చి, ఏ పూట డబ్బులు ఆ పూట తీసుకొనే కదిలేది.

ఇంత జరిగినా నా కుళ్ళు తగ్గలేదు. కార్డు మీద నా పేరు కింద 'పూచీ' అని, దాని పక్కన మా చెల్లెలి గుండ్రటి అక్షరాలు. నెలనెలా కష్టపడి కడుతున్నది నేను. నమ్మకం మాత్రం దాని పేరు మీద. తొమ్మిదో నెలలో ఏజెంటు వచ్చినప్పుడు, కంతు డబ్బు పన్నెండు రూపాయలు బియ్యం డబ్బాలో ఉన్నాయి. లేవన్నాను.

"అట్లయితే జమ్మలమడుగులో అడగాల్సొస్తాది" అన్నాడు.

"అడుక్కోపో" అన్నాను.

బాకీ మనిషి వచ్చి ఆ ఇంటి ముందు నిలబడాలి, వీధిలో వాళ్ళు తలుపు సందుల్లోంచి చూడాలి. నాకు కావలసింది అదే. ఆ నెలంతా హుషారుగా కుట్టాను. అది ఉత్తరం రాస్తుందనీ తిడుతుందనీ ఎదురుచూశాను. ఏదీ రాలేదు.

పై నెల ఏజెంటు నా కార్డు తీసుకొని ఒకేసారి రెండు ముద్రలు వేశాడు. "పోయిన నెలది ఆయమ్మ కట్టింది. నీతో అనొద్దనింది. నాకు కడుపాగక చెప్తాండా" అన్నాడు.

ఆ పన్నెండు రూపాయలూ కొంగుకు ముడేసుకొని, మళ్ళీ పులివెందులలో కలిసినప్పుడు దాని పక్కనే కూర్చున్నాను. ఒక్క మాట ఎత్తితే మొహాన కొడదామని. అది నా రవిక చెయ్యి పట్టుకొని కుట్టు చూసింది. "బాగా పడతాందక్కా" అంది. సాయంత్రం దాకా ఆ ఊసే ఎత్తలేదు. తర్వాత ఇన్నేళ్ళలోనూ ఎత్తలేదు. దాని మిషనుకు కుళ్ళుకున్నాను, దాని కార్డుకు కుళ్ళుకున్నాను. ఆ రోజు బస్సులో తిరిగొస్తూ, ఆ మాట కడుపులో దాచుకోగలిగిన దాని గుణానికి కూడా కుళ్ళుకున్నాను.