మడచెట్టు మావయ్య

మా అమ్మకి పుట్టిల్లు ఒక మడచెట్టు. గుడివాడలో నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళతో ఈ మాట అంటే నవ్వుతారు, అందుకే ఎవరితోనూ అనను. మా ఇంట్లో మాత్రం ఇది నవ్వులాట కాదు.

ఉప్పెన వచ్చేనాటికి అమ్మ పెళ్ళికాని పిల్ల. కోడూరు దాటాక, సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లె వాళ్ళది. నీళ్ళు ఇంటి మీదికి వచ్చినప్పుడు ఎవరు ఎటు పోయారో తెలియలేదట. అమ్మ కొట్టుకుపోయి, ఏటి పాయ గట్టున ఉన్న పెద్ద మడచెట్టుకి తగులుకుంది. ఓణీతో తన నడుముని కొమ్మకి కట్టేసుకుంది. తెల్లారి చూస్తే చెట్టు ఉంది, తను ఉంది, ఊరు లేదు. అమ్మమ్మ, తాతయ్య శవాలు దొరికాయి. ఇద్దరన్నలు దొరకలేదు. బతికిన బంధువులు వాళ్ళ పేరున కూడా మైలస్నానం చెయ్యమంటే అమ్మ ససేమిరా అంది. కళ్ళతో చూడకుండా ఎవరు పోయారని తలమీద నీళ్ళు పోసుకోవాలి అని అడిగిందట. అమ్మ మొండితనం చుట్టాలందరికీ తెలుసు, ఇక ఎవరూ బలవంతం చెయ్యలేదు.

అప్పటినుంచి అన్న వరస ఆ చెట్టుదే. నాకు మావయ్య. నా పెళ్ళిలో మేనమామ నన్ను గంపలో కూర్చోబెట్టి తేవాల్సి వస్తే, గంప మోసింది బాబాయిలైనా, నా ఒళ్ళో మడకొమ్మ పెట్టి, "మోసేది వాళ్ళు, తెచ్చేది మీ మావయ్య" అంది అమ్మ. నాన్న పోయినప్పుడు అమ్మకి పుట్టింటివాళ్ళు చీర పెట్టాలి కదా. కొత్త చీర ఒకటి నా చేతికిచ్చి పంపింది. ఆ చీరని కాసేపు చెట్టుకొమ్మ మీద వేసి, మడతలో ఒక ఆకు పెట్టుకుని రావాలి. ఆకు లేకపోతే అది కొట్లో చీరే అని అమ్మ లెక్క.

ఆ చెట్టు దగ్గరికి వెళ్ళే దారి అమ్మ నాకు మొక్కలతోనే నేర్పింది. రోడ్డు దిగగానే జమ్ము, తుంగ. వానాకాలం ఏటి నీరు వచ్చి నిలబడేది అంతవరకే. అవి పలచబడి నేల మీద తెల్లగా ఉప్పు పేరిన చోట ఇలవకూర, ఎర్రగా, ఆకుపచ్చగా పాకి ఉండేది. వండితే వేరే ఉప్పు వెయ్యక్కర్లేదు. ఇంకా ముందుకెళ్తే తిల్లచెట్లు. వాటి పాలు కంట్లో పడితే చూపు పోతుందని అమ్మ నా మొహం మీద కొంగు కప్పి నడిపించేది. అవి దాటితే పోటు నీరు వచ్చిపోయే బురద, అందులోంచి మేకుల్లా పైకి లేచిన మడవేళ్ళు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేవాళ్ళం. బురదలో కూరుకుపోతాయని నేననుకునేదాన్ని. పెద్దవాళ్ళింటికి చెప్పులతో వెళ్తారా అనేది అమ్మ. మావయ్య ఆకులు వెనకవైపు తెల్లగా, నాలిక మీద పెడితే ఉప్పగా ఉండేవి. మావయ్యకి చెమట పట్టిందని నేను ఆటపట్టిస్తే అమ్మ మురిసిపోయేది.

ఈ ఏడు అమ్మకి కిడ్నీలు పాడయ్యాయి. బందరులో చూపించాం, లాభం లేదు, ఇంటికి తీసుకెళ్ళమన్నారు. మంచం మీద పడుకునే బీరువాలోంచి లేతపసుపు నేతచీర తీయించింది.

"నేను పోయాక హడావుడి పడతావు. ఇప్పుడే వెళ్ళి అన్నయ్య చేత పెట్టించుకుని రా. పుట్టింటి బట్ట లేకుండా నన్ను పంపకు."

అమ్మ నన్ను కోరిన కోరికలు తక్కువ. ఇది తీర్చలేకపోతే నేను కూతురిని కానే కాననిపించింది.

నాన్న పోయాక మళ్ళీ అటు వెళ్ళలేదు. కోడూరులో బస్సు దిగి ఆటో మాట్లాడుకున్నాను. పాయ గట్టున మడచెట్టు అంటే ఆటో అతను నావైపు జాలిగా చూశాడు. "ఇంకెక్కడి మడండీ? అదంతా రొయ్యల చెరువులేగా," అన్నాడు. నమ్మలేదు. నాకు దారి తెలుసన్నాను. జమ్ము కోసం చూశాను, లేదు. జమ్ము లేకపోతే ఇలవకూర ఎక్కడ మొదలవుతుందో తెలియదు, ఇలవకూర లేకపోతే తిల్ల తెలియదు. గట్టు తర్వాత గట్టు, చెరువు తర్వాత చెరువు, నీళ్ళు చిలికే చక్రాల చప్పుడు. మావయ్య నిలబడిన చోటు మీదే నిలబడ్డానో, దాటిపోయానో కూడా తెలియలేదు. గట్టు మీద కూలబడి ఏడ్చాను. కోపం వచ్చింది, ఎవరిని తిట్టాలో తెలియక చేతిలో ఉన్న చీరనే గట్టిగా నలిపాను.

ఆటో అతను నన్ను అలాగే వదిలెయ్యలేక ఇంకొంచెం ముందుకి తీసుకెళ్ళాడు. అక్కడ ఎవరో కాలవలు తవ్వి, వాటి అంచున మడమొక్కలు నాటారు. మోకాలెత్తు ఉన్నాయి. అన్న పోతే చీర పెట్టాల్సింది అన్న కొడుకే కదా అని తట్టింది. చెప్పులు విప్పాను. బురదలోకి దిగి ఒక మొక్క మీద చీర వేస్తే ఆ బరువుకి పాపం తల వంచేసింది. చీర కిందికి జారకుండా సగం బరువు నేనే పట్టుకున్నాను. ఒక్క ఆకు తుంచుకున్నాను.

మావయ్య బాగున్నాడని అమ్మతో చెబుదామని బస్సులో దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. అమ్మ అడగనేలేదు. చీర మడతలోకి చెయ్యి పోనిచ్చి ఆకు తీసింది, బొటనవేలితో వెనకవైపు రాసింది, నాలిక మీద పెట్టుకుంది.

"ఇది లేతాకే. ఎవరిచ్చారు?"

"నీ మేనల్లుడు," అన్నాను.

అమ్మ ఆకుని మళ్ళీ చీర మడతలో పెట్టేసింది. తర్వాత తనని లేపి పెరట్లో కూర్చోబెట్టమంది. కుర్చీలో కూర్చోబెట్టాను. తల మీద నీళ్ళు పొయ్యమంది. జ్వరం వస్తుందన్నాను, వినలేదు.

"ముగ్గురికీ కలిపి పొయ్యవే. పెద్దన్నయ్యకీ చిన్నన్నయ్యకీ కూడా."

పోశాను. అమ్మ తన అన్నల కోసం ఏడవగా చూడటం నాకదే మొదటిసారి. నోరు తెరిచి, చిన్నపిల్లలా ఏడ్చింది. నేనూ పోస్తూ ఏడ్చాను. తల తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

"నేను పోతే వాడికి కబురు పెట్టకు. పసివాడు, బెంగపెట్టుకుంటాడు."

ఆ వారమే అమ్మ పోయింది. పసుపు చీర కప్పాను, ఆకు కొంగున ముడేశాను. నాన్న వైపు చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పాను. కోడూరు మాత్రం వెళ్ళలేదు.