మా అక్క పస్తు పెట్టి పెంచిన మంద

మా అక్క ఇప్పటికి కొన్ని లక్షల కోట్ల ప్రాణుల్ని పస్తు పెట్టింది. ఒక్కటీ చిక్కిపోలేదు సరికదా, అన్నీ గుమ్మడికాయల్లా ఒళ్ళు చేశాయి.

ఆ మంద ఉండేది మనిషెత్తు స్టీలు ట్యాంకులో. అవి బాక్టీరియా. చక్కెర కడుపునిండా పెట్టి, నత్రజని మాత్రం ఆపేస్తే అవి సంతానం మానేసి, తిన్న చక్కెరనంతా కొవ్వులా లోపల దాచుకుంటాయి. ఆ కొవ్వే ప్లాస్టిక్. మట్టిలో పడేస్తే కొన్నాళ్ళకి మట్టిలో కలిసిపోతుంది. దాచుకున్నదాన్ని మళ్ళీ అవే తినేయకుండా మా అక్క వాటి జన్యువొకటి కత్తిరించింది. దానికి నాలుగేళ్ళు పట్టింది. ఫ్రిజ్‌లో దాచింది మాయం చేసే జన్యువు నాలో ఎక్కడుందో మాత్రం ఇంకా దొరకలేదంటుంది.

నేనూ తక్కువవాణ్ణి కాను. రెండేళ్ళు కెమిస్ట్రీ చదివాను. మూడో ఏడు నన్ను తట్టుకోలేక కాలేజీయే వదిలేసింది. అక్క తన పూచీ మీద నన్ను తన ల్యాబులోనే సీసాలు కడిగే పనిలో పెట్టించింది.

వరసగా రెండు బ్యాచ్‌లు నురగ పొంగి నేలపాలయ్యాయి. పెద్దసారు ట్యాంకు దగ్గరికొచ్చి మరీ చెప్పాడు: “చూడమ్మా, ఈసారి ఎండిన సరుకులో నూటికి అరవై పాళ్ళు ప్లాస్టిక్ తేలకపోతే నీ బాక్టీరియా ఫ్రీజర్లోకి, నువ్వు పంచదార తూచే గదిలోకి.”

మూడో బ్యాచ్ మొదలెట్టిన రెండో రోజు పొద్దున అక్క నాకో చిన్న పని చెప్పింది. లోపల పులుపెక్కకుండా ట్యాంకులోకి చుక్కచుక్కగా ఒక మందు పోస్తుంటారు. మంద పెరిగినంతసేపూ అది అమ్మోనియా. పస్తు మొదలవగానే కాస్టిక్ సోడాకి మార్చాలి, ఎందుకంటే అమ్మోనియాలో నత్రజని ఉంటుంది. రెండూ నీళ్ళలాగే ఉంటాయి, సీసాలూ ఒకటే రకం. కళ్ళు మూసుకుని పెట్టేస్తానన్నాను. అలాగే పెట్టాను. మరి సీసాల మీద చీటీలేమయ్యాయంటారా? ముందురోజు వాటిని శుభ్రంగా కడిగింది నేనే.

గంట తిరక్కుండా ప్రాణవాయువు మీటరు కిందికి జారింది. పస్తున్న మంద అంత ఊపిరి పీల్చకూడదు.

“ఒరేయ్, ఏ సీసా పెట్టావురా?”

“నువ్వు చెప్పిందే అక్కా.”

“మూత కాస్త వదులు చెయ్.”

ముక్కు దగ్గర పెట్టుకుని మరీ చేశాను. కళ్ళలోంచి నీళ్ళూ నోట్లోంచి నిజమూ ఒకేసారి వచ్చాయి.

“పస్తున్నవాళ్ళకి విందు పెట్టావు కదరా, మహానుభావా!”

“నాది జాలిగుండె అక్కా.”

“ఆ గుండెని పక్కన పెట్టి ఈ గొట్టం పట్టుకో.”

తిట్టడానికైనా ఆగలేదు. సీసా మార్చింది, గాలి పెంచింది, మిగిలిన నత్రజనిని మంద తినేసేదాకా మీటరుకి కళ్ళప్పగించి కూర్చుంది. మంద ఊపిరి తగ్గి ముల్లు పైకి లేవగానే ట్యాంకులోకి చక్కెర వదిలింది. పంచదార తూచే గదిలో గాలీ వెలుతురూ బాగుంటాయని నేను ధైర్యం చెప్పాను. ఆమె చేతిలో స్పానరుంది కనక అక్కడితో ఆపాను.

మర్నాడు మధ్యాహ్నం ఎండబెట్టిన పొడిని పరీక్షిస్తే అరవై ఒకటి తేలింది. పెద్దసారు కాగితం రెండుసార్లు చూసి, “కానివ్వమ్మా, ట్యాంకు నీదే” అన్నాడు.

అప్పట్నించీ కనబడ్డవాళ్ళందరికీ చెబుతున్నాను: నా విందు వల్లే మంద రెట్టింపై, ప్లాస్టిక్ కుప్పలుగా వచ్చి, అక్క కొలువు నిలబడిందని. ఇదంతా రాసి ఆమెకి చూపించాను. చేతి తొడుగులు తీయకుండానే చదివింది.

“రెట్టింపు కాలేదు. అరవై ఎనిమిది రావాల్సింది, అరవై ఒకటి వచ్చింది. ఇకమీదట చీటీలు కడక్కు.”