తాళం వేసిన ఇళ్లు

తుమ్మవాగు లైన్లలో ఎనభై నాలుగు ఇళ్లున్నాయి. ఏ ఇంట్లో ఎవరికి చక్కెర జబ్బు ఉందో, ఏ కోడలికి ఎన్నో నెలో, ఎవరు ఏ షిఫ్టుకు పోతున్నారో సారక్కను అడిగితే చాలు, పుస్తకం తెరవకుండా చెప్పేస్తుంది. పదిహేనేళ్లుగా ఆమె అక్కడ ఆశా కార్యకర్త. వయసు యాభై మూడు. మోకాళ్లు అరిగాయి. మా ఆఫీసు మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, ఫోను చూసుకుంటున్నట్టు నటించి, ఊపిరి తీసుకుని మళ్లీ ఎక్కుతుంది.

నేను కిషన్‌ని, ఆ వార్డు ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ని. గోదావరిఖని నుంచి ఆటోలో ఇరవై నిమిషాల దూరంలో ఉంటుంది మా వార్డు. ఒకవైపు బొగ్గు గని కంపెనీ క్వార్టర్ల వరసలు, అంటే లైన్లు, ఇంకోవైపు మామూలు బస్తీ, మధ్యలో వాగు. వాగుకు ఈ ఒడ్డు కంపెనీది, ఆ ఒడ్డు మునిసిపాలిటీది. నీళ్లు ఎవరివో ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు.

నెలకోసారి మా దగ్గర సమన్వయ సమావేశం జరుగుతుంది. మునిసిపాలిటీ, కంపెనీ సివిల్ విభాగం, దవాఖాన, కరెంటోళ్లు, పోలీసులు, ఫైరు అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. సమోసాలు వచ్చేదాకా చర్చ, వచ్చాక తీర్మానం. అన్నీ రాసి, టైపు చేసి, సంతకాలకు తిప్పడం నా పని. తొమ్మిదేళ్లుగా రాస్తున్నాను. 'తగు చర్యలు తీసుకోవాలని నిర్ణయించడమైనది' అనే వాక్యం నా వేళ్లు నన్ను అడగకుండానే కొట్టేస్తాయి.

ఆ ఏడాది ఏప్రిల్‌లో వానాకాలం ముందుజాగ్రత్త ప్రణాళిక తయారు చేయమన్నారు. వాగు పొంగితే లైన్లు ఖాళీ చేయించాలి. ఏ ఇంటికి ఎవరు పోవాలి, ఎవరిని ఏ బస్సు ఎక్కించాలి, కరెంటు ఎప్పుడు తీయాలి అన్నీ ఒక్క కాగితం మీదికి రావాలి. మంచి ఆలోచనే, కాదనను. కానీ ఒక్కో శాఖ ఒక్కో జాబితా పట్టుకొచ్చింది. కంపెనీ జాబితాలో క్వార్టరు ఎవరి పేరు మీద ఉందో వాళ్లున్నారు. వాళ్లలో సగం మంది సొంతిళ్లు కట్టుకుని వెళ్లి చాలా కాలమైంది. కరెంటోళ్ల జాబితాలో మనుషులే లేరు, మీటర్లున్నాయి. వీటన్నిటినీ కలిపి ఒకటి చేయమని నా నెత్తిన వేశారు. మా సిబ్బంది రెండు పగళ్లు లైన్లలో తిరిగి తలుపులు కొట్టి వచ్చారు. తాళం వేసి ఉన్న ఇళ్లు పంతొమ్మిది. ఆ పంతొమ్మిదింటి ఎదురుగా నేను 'ఖాళీ' అని టైపు చేశాను.

ఆ కాగితం మీటింగులో అందరికీ పంచాను. బల్ల దగ్గర చోటు లేక సారక్క గోడవార ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. కాగితం ముఖానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చదివింది. తర్వాత చెయ్యెత్తింది.

"సార్, గీ తాళమేసిన ఇండ్లల్ల మనుషులుంటరు."

కంపెనీ ఇంజినీరు నవ్వాడు. "తాళం వేసి లోపలెట్ల ఉంటరమ్మా?"

"నైట్ షిఫ్టు చేసొచ్చినోళ్లు పండుకుంటరు సార్. తలుపు తీసుంటే కూరగాయలామె పిలుస్తది, పక్కింటి పోరలు కొడ్తరు. అందుకే ఆడోళ్లు బయటికి పోతే బయట తాళమేసి పోతరు. తాళం చూస్తే ఎవ్వరు కొట్టరు. నేనూ ఇరవై ఆరేండ్లు గట్లనే ఏసిన."

ఆమె చెప్పింది నిజం. ఆమె భర్త కొమురెల్లి అండర్‌గ్రౌండ్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ పగలు నిద్రపోయి రాత్రంతా మేలుకుని కూర్చుంటాడు. నేనూ ఈ లైన్లలోనే పుట్టాను. మా అమ్మ కూడా నాన్నను అలాగే లోపల పెట్టి తాళం వేసేది. తెలిసి తెలిసి నేనెందుకు 'ఖాళీ' అని కొట్టానంటే, సిబ్బంది అలా రాసుకొచ్చారు కాబట్టి. అలసిపోయిన మనిషి తన బుర్రను పక్కన పెట్టి కాగితాన్నే నమ్ముతాడు. ఇది సాకు కాదు. సాకే అనుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

"ఏ షిఫ్టో రాసేటందుకు ఒక గడి పెట్టుండ్రి సార్, గంతే," అంది సారక్క.

మీటింగు నడిపే మా డిప్యూటీ సార్ మంచివాడే. తల పట్టుకున్నాడు. "షిఫ్టు వారం వారం మారుతది కదమ్మా. వారం వారం మారేదాన్ని ప్లాన్‌లో ఎట్ల పెడ్తం?"

"నేను ఆదివారం ఆదివారం అడుగుత గద సార్." నిజంగానే అడుగుతుంది. నైట్ షిఫ్టు నుంచి వచ్చిన మనిషిని లేపి బీపీ చూస్తే ఎవరికైనా ఎక్కువే చూపిస్తుంది. అందుకని ఎవరింటికి ఏ వేళకు పోవాలో ఆదివారమే తెలుసుకుని పెట్టుకుంటుంది. ఆ పని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

సమోసాలు వచ్చాయి. "వచ్చే మీటింగ్‌ల చూద్దామక్కా," అన్నాను నేను. మే నెలలో ఎండలని మీటింగు పెట్టలేదు. జూన్‌లో ఇంజినీరుకు బదిలీ అయింది, కొత్తాయన ఇంకా రాలేదు. సారక్క రెండుసార్లు ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు నిలబడింది. మొదటిసారి గడి సంగతి అడిగింది. రెండోసారి మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది.

జూలైలో ఒక ఆదివారం మొదలైన వాన మంగళవారం పొద్దుటికి కూడా తెరిపి ఇవ్వలేదు. పదిన్నరకు వాగు కట్ట దాటింది. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ రోజు అందరూ ప్రణాళికలో రాసుకున్నట్టే పనిచేశారు. మైకు ఆటో తిరిగింది, కరెంటు తీశారు, కంపెనీ బస్సులు మూడు వచ్చి నిలబడ్డాయి. హెడ్ కానిస్టేబుల్ వీరేందర్ మోకాళ్లలోతు నీళ్లలో ముసలివాళ్లను వీపు మీద మోశాడు. గంటలో అరవై ఐదు ఇళ్ల జనం ఎత్తు మీదున్న బడికి చేరారు. నేను బడి వరండాలో కూర్చుని టిక్కులు పెట్టాను. అరవై ఐదు, పంతొమ్మిది. లెక్క సరిపోయింది. లైన్లన్నీ ఖాళీ అని డిప్యూటీ సార్ పైకి ఫోను చేసి చెప్పాడు.

అప్పుడు సారక్క వచ్చింది. నిండా తడిసి ఉంది. దవాఖాన దగ్గర ఒక గర్భిణిని దింపి అటునుంచే వచ్చిందట.

"తొమ్మిదిండ్లల్ల మనుషులున్నరు సార్. ఈ వారం నైట్ షిఫ్టోళ్లు," అని ఇంటి నంబర్లు వరసగా చెప్పింది.

వీరేందర్ తటపటాయించాడు. "తాళం పగలగొట్టాలంటే పంచనామా కావాలె గదక్కా. రేపు ఇంట్ల ఏదన్న పోయిందంటే ఎవలు జవాబు చెప్పాలె?"

"నా పేరు రాస్కో. జల్ది నడువుండ్రి," అంది సారక్క. ఆమె గొంతు పెరగడం నేను వినడం అదే మొదటిసారి.

ఫైరు సిబ్బంది గడ్డపారలు తీసుకున్నారు. ఈసారి నేనూ వెళ్లాను. మొదటి ఇంటి తాళం విరగ్గొడితే లోపల మంచం మీద నిలబడి ఒకాయన లుంగీలో అరుస్తున్నాడు. కరెంటు పోగానే మెలకువ వచ్చిందట, తలుపు బాదీ బాదీ చేతులు వాచాయి. వానకు ఆ చప్పుడు ఎవరికీ వినబడలేదు. రెండో ఇంట్లో మనిషిని కుదిపి లేపాల్సి వచ్చింది. అలా ఒక్కొక్కటీ తెరుస్తూ పోయాం. తొమ్మిది ఇళ్లలో తొమ్మిది మంది. నా కాగితం ప్రకారం వాళ్లెవరూ అక్కడ లేరు.

తొమ్మిదో ఇల్లున్న ఆఖరి లైను వాగుకు ఆనుకుని ఉంటుంది. అక్కడ నీళ్లు నడుము దాటాయి. నలభై ఒకటో నంబరు గని కార్మికుడు రాయమల్లుది; తాళం వేసి ఉంది, నా కాగితంలో అదీ 'ఖాళీ'. ఫైరాయన ఆ తలుపుకు గడ్డపార ఆనించి, "ఇది కూడా తియ్యాల్నా?" అని అడిగాడు.

"వద్దు. ఆయిన ఫస్ట్ షిఫ్టు. గనిల ఉన్నడు," అంది సారక్క. ఆమె మాట అప్పటిదాకా తొమ్మిదిసార్లు నిజమైంది. ఎవరం ఎందుకు అనుమానిస్తాం? వెనక్కి తిరిగాం.

పావుగంట తర్వాత ఆ ఇంటి వెనక గోడ కూలింది. రాయమల్లు లోపలే ఉన్నాడు. సోమవారం ఫస్ట్ షిఫ్టు చేసి ఇంటికొచ్చాక, తోటి కార్మికుడు సంపత్ ఫోను చేశాడట. కూతురికి జ్వరంగా ఉంది, ఈ రాత్రి నా బదులు నువ్వు పో, రేపు పొద్దున నీ బదులు నేను పోతానన్నాడట. గనిలో అలాంటి మార్పిడి మామూలే. రాయమల్లు వెళ్లాడు. ఒకే రోజులో రెండు షిఫ్టులు చేసి, పొద్దున వచ్చి తిని పడుకున్నాడు. డ్రిల్లు మిషను మీద పదహారేళ్లు పనిచేసిన మనిషి, చెవులు ముందే మందగించాయి. మైకు వినలేదు, మేము తలుపు దగ్గర మాట్లాడుకున్నదీ వినలేదు. గోడ మంచం మీదే పడింది.

ఆగస్టు మీటింగుకు అందరూ వచ్చారు. కొత్త ఇంజినీరు కూడా వచ్చాడు. షిఫ్టు గడి పెట్టడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. బాధ్యత: ఆశా కార్యకర్త. ప్రతి ఆదివారం ఎనభై నాలుగు ఇళ్లు తిరిగి, సోమవారం పది గంటలకల్లా నాకు ఇవ్వాలి. మధ్యలో ఎవరైనా షిఫ్టు మార్చుకుంటే అది కూడా ఆమే కనుక్కోవాలి. అది ఎలా కనుక్కోవాలో ఎవరూ చెప్పలేదు. సారక్క ఊఁ కొట్టింది. ఆ రోజు ఆమెకు బల్ల దగ్గరే కుర్చీ వేశారు. వెళ్లి గోడవారనే కూర్చుంది.

ప్రమాదం నివేదిక నేనే టైపు చేశాను. 'ఇంటికి తాళం వేసి ఉన్నందున లోపల వ్యక్తి ఉన్నట్టు గుర్తించలేకపోవడమైనది.' అందులో సారక్క పేరు లేదు, నా పేరూ లేదు. నా పేరు లేనందుకు నాకు ఊరట కలిగింది. సిగ్గుగానే ఉంది, అయినా కలిగింది.

మరణ ధ్రువపత్రం ఇచ్చి రమ్మని నన్ను రాయమల్లు భార్య దగ్గరికి పంపారు. సారక్క తానూ వస్తానంది. డిప్యూటీ సార్ ఆమెను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు. "చూడమ్మా, ఆ తలుపు ముచ్చట నువ్వేం ఎత్తకు. నిన్ను ఎవరు అడగలే."

"అడిగితే జవాబు చెప్పి ఊకుందును సార్. అడుగుతలేరనే నిద్ర పడ్తలేదు," అంది.

అనసూర్య, అంటే రాయమల్లు భార్య, పై లైనులో మరిది ఇంట్లో ఉంటోంది. మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి ఛాయ్ తెచ్చింది. కాగితం ఇచ్చాను. దాన్ని చదవకుండానే మడత పెట్టి పక్కన పెట్టింది. నేను లేవబోయాను. సారక్క లేవలేదు.

"అనసూర్యా, నీకో మాట చెప్పాలె. ఆ దినం ఫైరాయన మీ తలుపుకు గడ్డపార పెట్టిండు. నేనే వద్దన్న. ఫస్ట్ షిఫ్టుకు పోయిండు, లోపల ఎవ్వల్లేరన్న. నేను నోరు మూసుకుంటే నీ పెనిమిటి బతికేటోడు."

అంతా ఒక్క ఊపిరిలో చెప్పేసి తల దించుకుంది. కాగితం మీద 'ఖాళీ' అని కొట్టింది నేనని చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. నేను చెప్పలేదు. అనసూర్య అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"ఆదివారం నువ్వొచ్చి అడిగితే ఫస్ట్ షిఫ్టని చెప్పింది నేనే గదక్కా," అంది అనసూర్య. "సోమారం మారింది. గంత వానల నీ ఇంటిదాక వచ్చి ఏం చెప్తమని ఊకున్న. పొద్దుగాల కమాన్‌పూర్‌ల మా అన్నోళ్ల పొలంల నాట్లకు పొయ్యేదుండె. ఆయిన రెండు షిఫ్టులు చేసొచ్చిండు, ఎవ్వలు లేపద్దని తాళమేసిన. ఏసి, రెండుసార్లు గుంజి చూసినక్కా, సరిగ్గ పడ్డదా లేదా అని."