రాగిరేకు మీద ఎదురెదురు నడిచిన కరెంటు

ఎనభైల మొదట్లో ఎమ్మెస్సీ ఫిజిక్సులో నాకు దక్కిన ప్రాజెక్టు ఇది: పల్చటి రాగిరేకులో కరెంటు ఏ దారిన పోతుందో రేకును ముట్టకుండా కనుక్కోవాలి. రేకుపైన అయస్కాంత క్షేత్రాన్ని గడి గడికీ కొలిచి, ఆ అంకెల నుంచి గళ్ల కాగితం మీద కరెంటు బాణాలు గీయాలి. కరెంటును వెతికే మా ల్యాబులో కరెంటు ఉండటమే అరుదు. ఉన్న కాసేపట్లో పని తెమలాలని ప్రోబును ఒక వరుసలో ఎడమ నుంచి కుడికి, మరుసటి వరుసలో కుడి నుంచి ఎడమకు నడిపేవాణ్ణి. ఆ తెలివి పూర్తిగా నాదే.

పటం తయారైంది. ఒక వరుసలో కరెంటు కిందికి, తర్వాతి వరుసలో పైకి. గైడుగారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

"కొత్త ఫలితమయ్యా ఇది!"

శుక్రవారం బయటి ఎగ్జామినర్ ముందు ఈ ఫలితాన్ని నేనే చదవాలి. ఆయన ఒప్పుకుంటేనే డిగ్రీ. గైడుగారికి లేని అనుమానం నాకెందుకని ఊరుకున్నాను.

గురువారం పొద్దున కొత్తవాడలో నా అద్దెగది అరుగు మీద పటాన్ని సిరాతో దిద్దుతున్నాను. జంపఖానాలు నేసే ఇంటాయన వంగి చూశాడు. గళ్ల కాగితం మీది డిజైను చూసి నేయడమే ఆయన పని.

"ఏం డిజైను బిడ్డా?"

"డిజైను కాదు పెద్దయ్యా, కరెంటు పోయే దారి."

"గట్లనా? మీదికెళ్లి కిందికి వస్తాంది, కిందికెళ్లి మీదికి గూడ వస్తాంది. మరి నడుమ ఏడ వోతాంది?"

నేను శాస్త్రీయంగా దగ్గాను.

"జర చెప్పు. మగ్గంల అటు ఇటు ఉరికే మా నాడె లెక్క పోయేటప్పుడు, వచ్చేటప్పుడు గూడ కొలిచినవా?"

"అవును."

"మరి రాసుడు?"

"అన్ని వరుసలూ ఎడమ నుంచే రాసిన."

"ఇగ గదే! మొదటిసారి మగ్గం మీద కూసున్నప్పుడు నేను గిట్లనే డిజైను ఖరాబ్ జేసిన. మా నాయిన వీపు సాపు జేసిండు. మీ సారేమన్నడు?"

"కొత్త ఫలితమన్నడు."

"పాపం, మంచి సారు."

మధ్యాహ్నానికల్లా వరుస విడిచి వరుస అంకెలను కుడి నుంచి ఎడమకు తిరగరాసి, పటం మళ్లీ గీశాను. బాణాలన్నీ బుద్ధిగా ఒకే వైపు తిరిగాయి. గైడుగారు చాలాసేపు చూసి, "ఇది అందరికీ తెలిసిందే కదయ్యా" అన్నారు, కొంత బాధగానే.

శుక్రవారం ఎగ్జామినర్ ఒక్కటే అడిగారు: "కొలతల్లో తప్పు లేదని ఎట్లా తేల్చుకున్నావు?"

"నిపుణుడికి చూపించాను సార్."

గైడుగారు వినయంగా తల దించుకున్నారు. నాకు డిగ్రీ వచ్చింది.