రెయిలింగ్‌కి కట్టిన దుప్పటి

మా ఇంట్లో దుప్పట్లు గదిలోనే ఆరతాయి. కిటికీ చువ్వ నుంచి తలుపు మేకు దాకా తాడు కట్టి, తడి దుప్పటి వేసి, దాని కింద నుంచి వంగి నడుస్తాం. డాబా మీద బోలెడు ఎండ ఉంటుంది. పక్కింటావిడ నవ్వితే మా అమ్మ, "నా దుప్పటి, నా గది. కంపు కొడితే నా ముక్కుకి. మధ్యలో నీకేంటి?" అని తలుపేస్తుంది. అమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుందని వీధిలో అందరికీ తెలుసు. ఎందుకని మాత్రం ఒక్కరూ అడగలేదు. నాకు ఆవిడ నుంచి వచ్చిన ఆస్తి ఆ కోపం ఒక్కటే.

మా నాన్న సముద్రంలో, రాతి దీవి మీదున్న పాత లైట్‌హౌస్‌లో దీపం చూసుకునేవాడు. పెళ్ళయిన కొత్తలోనే అమ్మ అక్కడికి కాపురానికి వెళ్ళింది. ఒక గది, వంటిల్లు, వాననీళ్ళ తొట్టి, చుట్టూ ఉప్పుగాలి. దీవిలో పడవ ఉంచకూడదని ఆఫీసు నిబంధన. పడవుంటే దీపం వదిలేసి ఊళ్ళోకి షికారు పోతారని పెద్దమనుషుల అనుమానం. దానికి బదులు ఒక ఏర్పాటు చేశారు. ఆపదొస్తే పైనున్న రెయిలింగ్‌కి తెల్లగుడ్డ కట్టాలి, అది కనబడగానే ఒడ్డు నుంచి పడవ బయలుదేరాలి. అందుకే అమ్మ ఏనాడూ ఉతికిన బట్టలు పైన ఆరేయలేదు. ఒడ్డుకి కనబడకుండా గది వెనకాలే ఆరేసుకునేది.

నాకంటే ముందు పుట్టిన అన్నయ్యకి ఏడాది నిండకముందే జ్వరమొచ్చి ఒళ్ళు కాలిపోయింది. అమ్మ మెట్లెక్కి రెయిలింగ్‌కి దుప్పటి కట్టింది. వానలు వెలిసి ఎండ కాసిన రోజది. సముద్రం కూడా నెమ్మదిగానే ఉంది. ఒడ్డున ఆఫీసువాళ్ళు చూశారు. చూసి, వాన వెలిసింది గదా, బట్టలు ఆరేసుకుందిలే అనుకుని టీ తాగారు. చీకటి పడ్డాక దుప్పటి కనబడదు. దీపం ఆర్పి సైగ చేద్దామంటే ఓడలు రాళ్ళకి కొట్టుకుంటాయి. నాన్న దీపం జోలికి పోలేదు. తెల్లారాక వాళ్ళు మళ్ళీ చూశారు, మళ్ళీ అదే అనుకున్నారు. సరుకుల పడవ తన వేళకి తాను వచ్చేసరికి అన్నయ్య లేడు. "ఆరేసుకున్నారనుకున్నామమ్మా" అని నిమ్మకు నీరెత్తినట్టు చెప్పారట. ఇన్నేళ్ళయినా ఆ మాట రాస్తుంటే నాకు ఒళ్ళు మండుతోంది.

ఇప్పుడా దీపం మనిషి లేకుండానే వెలుగుతుంది. నాన్న పోయాడు. అమ్మ స్కూలు యూనిఫారాలు కుట్టి నన్ను పెంచింది. నేను ఆ దీవి చుట్టూ తిప్పి చూపించే టూరిస్టు పడవ నడుపుతాను. ఆ పనిలో చేరినప్పుడు అమ్మ కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. బతకాలి గదా, ఏం చేయను? పడవలో యజమాని ఒక రికార్డు పెట్టించాడు. దీపం కాపలావాడి భార్యకి పిచ్చెక్కి పైనుంచి దూకేసిందట. ఇప్పటికీ తెల్లబట్టల్లో రెయిలింగ్ దగ్గర కనబడుతుందట. ఒడ్డున ఎవరో చూసిన దుప్పటికి ఇలా కాళ్ళూ చేతులూ మొలిచాయి. అమ్మ ఒకసారి వెళ్ళి యజమానిని కడిగిపారేస్తే, "కథే గదా పెద్దమ్మా, ఎవరికేం నష్టం?" అన్నాడు.

మొన్న ఆ మహానుభావుడికి ఇంకో తెలివి పుట్టింది. ఒక అమ్మాయికి తెల్లగౌను తొడిగి, లైట్‌హౌస్ పైన నిలబెట్టి గుడ్డ ఊపిస్తాడట. కడుపులో దాచుకోవడం నావల్ల కాక, భోజనం దగ్గర అమ్మకి చెప్పేశాను. ఆవిడ కంచం పక్కకి జరిపింది.

"రేపు నేనూ వస్తానే."

"వద్దమ్మా. ఆ రికార్డు నువ్వు వినలేవు."

"చచ్చానని చెప్పేది నా గురించేగా. నేను వినకపోతే ఎలా?"

మర్నాడు నాకంటే ముందే రేవులో ఉంది. నా వెనక వరసలో, పాప్‌కార్న్ తింటున్న ఓ కుటుంబం పక్కన కూర్చుంది. దీవి దగ్గరపడింది. రికార్డులో ఆడమనిషి దూకింది. పైన తెల్లగౌను పిల్ల గుడ్డ ఊపడం మొదలుపెట్టింది. జనం ఫోన్లు పట్టుకుని ఒక్కసారి లేచేసరికి పడవ ఓ పక్కకి ఒరిగింది. ఎవడో ఈల వేశాడు. యజమాని మైకు పట్టుకుని, "అదిగో, పిలుస్తోంది. ధైర్యమున్నవాళ్ళు వెళ్ళొచ్చు" అన్నాడు. అందరూ నవ్వారు.

"ఇంజిన్ ఆపవే," అంది అమ్మ.

ఆపాను. రికార్డు వైరు కూడా పీకేశాను. ఉద్యోగం ఊడితే ఊడనీ అనుకున్నాను. యజమాని నా మీదకి వచ్చాడు గానీ, అప్పటికే అమ్మ లేచి నిలబడింది.

"ఆ దూకిందన్నది నేనే. దూకలేదు. మా పిల్లాడికి జ్వరమొస్తే, పడవ పంపమని దుప్పటి కట్టా." గొంతు పెంచలేదు.

ఇందాకటిదాకా నవ్విన ఒకాయన ఫోను దించాడు. "మరి ఎవరూ రాలేదా, బామ్మగారూ?"

అమ్మ పడవ నిండా ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినే చూసింది.

"ఇదిగో, ఇప్పుడొచ్చారుగా," అంది. "టికెట్ కొనుక్కుని."