అత్తయ్యగారి పొయ్యి మీద పాలు

మా అత్తయ్యగారి పొయ్యి మీద ఎప్పుడూ పాలుంటాయి. ఎదుటివాళ్ళు మనసు విప్పి చెప్పుకోబోయే క్షణానికి సరిగ్గా అవి పొంగుతాయి. ఇంకెవరికైనా ఈ అలవాటుంటే చాదస్తమని సరిపెట్టుకోవచ్చు. కానీ మా అత్తయ్య ఉద్యోగమే మనసు విప్పేవాళ్ళ మాటలు వినడం. బళ్ళో కౌన్సెలర్‌గా రిటైరై, ఇప్పుడో ఆన్‌లైన్ కంపెనీ తరఫున ఇంట్లోనే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని జనం కష్టాలు వింటారు. పాలు పొంగేదాకా వింటారు.

నాకిది కొత్త కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో మా అమ్మతో ఫోన్లో పోట్లాడి మొహం మాడ్చుకుని కూర్చున్నాను. "ఏమైందమ్మా?" అని పక్కన కూర్చున్నారు. నేను నోరు తెరిచానో లేదో, "అయ్యో, పాలు!" అంటూ తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు. ఒళ్ళు మండిపోయింది.

ఆవిడకి ఫోన్లో మెసేజీలు చూసే ఓపిక లేదు. అందుకని కంపెనీకి నా నంబరు ఇచ్చారు. ఫిర్యాదులన్నీ నాకే వస్తాయి. పేర్లుండవు, మంటలు మాత్రం ఉంటాయి. "మా ఆయన నన్ను వదిలేశాడని చెబుతుంటే, మేడమ్ కూడా నన్ను వదిలేసి వంటింట్లోకి వెళ్ళారు" అని ఒకావిడ. "మా నాన్న పోయాడని చెప్పాను. తిరిగొచ్చి, అదృష్టం, పొంగలేదు అన్నారు" అని ఒకాయన. చిత్రమేమిటంటే, ఇలా తిట్టినవాళ్ళే మళ్ళీ వారం ఆవిడే కావాలని పట్టుబడతారట.

"పాలు ముందే కాచి పెట్టుకోవచ్చుగా అత్తయ్యా?"

"చూద్దాంలే."

"పోనీ, ఆఫీసుకెళ్ళే ముందు నేను కాచి వెళ్తాను."

"నువ్వు కాస్తే మీగడ కట్టదే."

విసుగొచ్చి, పాలు కాగగానే ఈల వేసే గిన్నె కొనిచ్చాను. దాంట్లో గుండీలు, దారపుండలు దాచుకున్నారు.

చివరికి కంపెనీ పెద్ద మేడమ్ వీడియోలో మాట్లాడతానని కబురు పెట్టారు. సంజాయిషీ నచ్చకపోతే తీసేస్తారట. నాకు భయం వేసింది. మామయ్య పోయాక అత్తయ్య మళ్ళీ శుభ్రంగా తల దువ్వుకోవడం మొదలుపెట్టింది ఈ పని దొరికాకే. అదీగాక, ఆ పని పోతే ఆవిడ వినడానికి ఇంట్లో మిగిలేది నా మనసొక్కటే.

ఆ మధ్యాహ్నం సెలవు పెట్టి, కెమెరాకి కనపడకుండా పక్కనే కూర్చున్నాను. తెర మీద పెద్ద మేడమ్, గంజి పెట్టిన కాలరూ, అంతకంటే బిరుసు మొహమూ.

"సెషన్ మధ్యలో లేవకూడదని నిబంధన. తెలుసా మీకు?"

"తెలుసండీ."

"మీ ఫిర్యాదులు చూడ్డానికి నేను సెలవు కూడా మానుకున్నాను."

"అయ్యో, సెలవెందుకండీ?" అన్నారు అత్తయ్య.

"ఏం లేదు. మా అన్నయ్య పోయి నెల కూడా... అది వదిలేయండి. నిబంధన ఏమిటంటే..."

ఆ మాట దగ్గరే ఆగిపోయారు. కళ్ళద్దాలు తీశారు, పెట్టుకున్నారు, ముందున్న కాగితాలు ఊరికే సర్దారు.

"అయ్యో, పాలు!" అంటూ లేచారు అత్తయ్య.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. వెనకాలే వంటింట్లోకి పరిగెత్తాను. పొయ్యి వెలగడం లేదు. పాలగిన్నె కడిగి బోర్లించి ఉంది. అత్తయ్య చేతులు కట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"పాలేవి అత్తయ్యా?"

"ఈ వేళప్పుడు మనింట్లో పాలెక్కడివే?"

"మరి?"

"ఎదురుగా మనిషుంటే కొందరికి ఏడుపు రాదే. ఈ తెర మీద మరీ కష్టం, ఏడుస్తున్న తమ మొహం తమకే కనిపిస్తుంటుంది. లేచి వెళ్ళాలంటే మర్యాద అడ్డం. అందుకని నేనే లేస్తాను."

"ఆ మాటే చెప్పి వెళ్ళొచ్చుగా?"

"చెబితే ఏడవమని పురమాయించినట్టుండదూ?"

అప్పుడు గుర్తొచ్చింది. అమ్మతో పోట్లాడిన ఆ రోజు తలుపు వెనకాల నేను కరువుతీరా ఏడ్చి, మొహం తుడుచుకున్నాకే వంటింట్లో గిన్నె చప్పుడైంది. నేను పాలనే తిట్టుకున్నాను. సిగ్గూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

కాసేపాగి అత్తయ్య గిన్నె మీద మూత ఠంగుమనిపించారు. "వస్తున్నట్టు తెలియాలిగా" అని నెమ్మదిగా నడిచారు.

తెర మీద పెద్ద మేడమ్ ముక్కు ఎర్రగా ఉంది. కాలరు నలిగింది.

"పొంగాయా?" అని అడిగారు బొంగురు గొంతుతో.

"లేదండీ, సమయానికి దింపేశాను."

ఆవిడ గొంతు సవరించుకున్నారు. "ఫిర్యాదుల సంగతి నేను చూసుకుంటాను. వచ్చే వారం మీ దగ్గర నాకో సెషన్ ఉంచండి." లేవబోయి ఆగారు. "ఆ రోజు పాలు కాస్త ఎక్కువ పెట్టండి."

"అలాగేనండీ, పెద్ద గిన్నె పెడతాను" అన్నారు అత్తయ్య.