అడిగి తాకే చెయ్యి

మా ఆఖరి చెల్లెలు పోయింది. విశాఖపట్నం ఆసుపత్రిలో తొమ్మిది రోజులుంది. పదో రోజు ఉదయం చోడవరంలో మా గుమ్మం ముందు ముగ్గు వేస్తుంటే మా అబ్బాయి ఫోను చేశాడు. "అమ్మా, పిన్ని ఇక లేదే," అన్నాడు. ముగ్గు సగంలోనే ఆగిపోయింది.

నాకు యాభై ఎనిమిది. తనకి నలభై ఏడు. అమ్మ పోయేసరికి తను పదో క్లాసు. నా దగ్గరికి తెచ్చుకున్నాను. తర్వాత టీచరై, దేవరాపల్లి వైపు ఒక ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పింది. పెళ్ళి వద్దనుకుంది, నాతోనే ఉండిపోయింది. తనకి ఒక మాట చెప్పాలని ఆరేళ్ళుగా అనుకుంటూ వచ్చాను. చెప్పవలసిన వేళకి చెప్పలేదు. అందుకే రాస్తున్నాను.

తనకో అలవాటుండేది. ఎవరినీ అడగకుండా తాకేది కాదు. నా తలకి నూనె రాయాలన్నా "రాయనా అక్కా?" అని అడిగి, నేను ఊఁ అనేదాకా సీసా మూత తీసేది కాదు. మా మనవడికి రెండేళ్ళు. వాణ్ణి కూడా "బుగ్గ మీద ముద్దెట్టుకోనా?" అని అడిగేది. వాడు అడ్డంగా తలూపితే చేతులు వెనక్కి తీసుకునేది. మా ఆడపడుచు నవ్వేది: "పాలుతాగే గుంటడికి కూడా పర్మిషనేటే? అర్జీ కూడా రాయిస్తావేటి?"

"వద్దంటే వద్దేనని ఆడికి ఇప్పుడే తెలియాలి వదినా. పదహారేళ్ళొచ్చేక నేర్పితే లేటైపోద్ది."

శనివారం ఆఖరి పీరియడు ఎనిమిది, తొమ్మిది, పది క్లాసుల వాళ్ళను కూర్చోబెట్టుకుని ఈ మాటలే చెప్పేది. మగపిల్లల్ని బయటికి పంపేది కాదు. "ఆళ్ళకే ముందు సెప్పాలి," అనేది. ఒకసారి నలుగురు తండ్రులు ఆ ఊరి నుంచి బళ్ళేసుకుని మా ఇంటికే వచ్చారు.

"మేడం, ఇలాటియి సెప్తే గుంటలు సెడిపోరేటండీ?"

"సెప్పకుండా ఉన్నన్నాళ్ళూ బాగున్నారేటి, బాబూ?" అంది తను. మజ్జిగ ఇచ్చి పంపించింది. వాళ్ళలో ఇద్దరు తర్వాత తనతో మాట్లాడించడానికి తమ కొడుకుల్ని తీసుకొచ్చారు.

ఇప్పుడు నా సంగతి.

తను పదో క్లాసులో ఉండగా వెనక వీధి కుర్రాడొకడు రోజూ వెంటపడేవాడు. ఒకనాడు చెరకు లారీలు ఆగి రోడ్డు ఇరుకైన చోట ఓణీ పట్టుకు లాగాడు. ఏడుస్తూ వచ్చి నాకు చెప్పింది. నాకు ఇరవయ్యారేళ్ళు. గొడవైతే పిల్ల పేరు నలుగురి నోళ్ళలో పడుతుందని భయం. అప్పట్లో ఇలాంటివాటికి బళ్ళలోనూ ఇళ్ళలోనూ పెద్దవాళ్ళు చేసే పని ఒకటుండేది. నేనూ అదే చేశాను. ఆ కుర్రాణ్ణీ వాళ్ళమ్మనీ పిలిచి, దేవుడి గదిలో పీట వేసి, మా చెల్లెలి చేత వాడికి రాఖీ కట్టించాను. "ఇకనుంచి దీనికి అన్నవి నువ్వు," అన్నాను. లడ్డూ పెట్టాను. వాడు తిన్నాడు. వాళ్ళమ్మ నా తెలివిని మెచ్చుకుంది. ముడి వేసేటప్పుడు మా చెల్లెలు తలెత్తలేదు. సిగ్గనుకున్నాను. దేవుడికి దండం పెట్టుకుని నిశ్చింతగా ఉన్నాను. పాతికేళ్ళు ఆ సంగతి అందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

ఆరేళ్ళ క్రితం ఒక శనివారం తను మాత్రలు మర్చిపోతే ఆటోలో స్కూలుకి తీసుకెళ్ళాను. క్లాసు నడుస్తోంది. వరండాలో నిలబడ్డాను. ఎవరి పేరూ లేకుండా ఒక అమ్మాయి కథ చెబుతోంది. లారీలు, ఓణీ, రాఖీ, లడ్డూ. నా కథే.

"వారం తిరక్కుండా ఆడు మళ్ళీ దారి కాసేడు. సెయ్యి పట్టుకున్నాడు. అన్నని కదా, అన్న సెయ్యి పట్టుకుంటే తప్పేటన్నాడు. స్నేహితులు నవ్వేరు. పరీక్షలయ్యేదాకా ఆ గుంటకి అదే బతుకు. ఇంట్లో మరి సెప్పలేదు. ఎందుకంటారు?"

వెనక బెంచీ అమ్మాయి ఒకతె లేచింది. "ఇంట్లోవోళ్ళు అయిపోయిందనుకున్నారు కదా మేడం. మళ్ళీ సెప్తే దీందే తప్పంటారు."

ఇంకో కుర్రాడు అందుకున్నాడు. "మేడం, సినిమాలో హీరో ఎంటపడితేనే కదా హీరోయిన్ ఒప్పుకుంటాది?"

"ఒరే, సినిమాలో డైరెక్టరు కట్ అంటాడు. నీకెవడంటాడు? నువ్వే అనుకోవాలి."

క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు తగ్గాక ముందు వరస కుర్రాడొకడు మెల్లగా అడిగాడు. "అయితే మేడం, సెల్లెలైతేనే వదిలెయ్యాలేటి? సెల్లెలు కాకపోతే?"

మా చెల్లెలు సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. "అదిరా అడగాల్సిన మాట. ఇంకోసారి అను, అందరూ ఇంటారు."

నేను మాత్రలు ఆయా చేతికిచ్చి, గేటు దగ్గర కూర్చున్నాను.

సాయంత్రం ఇద్దరం ఆటో దిగి ఇంటికి నడుస్తున్నాం. "అక్కా, ఇన్నావు కదా," అంది.

"ఇన్నాను."

"నీ మీద కోపమేటీ లేదు. నువ్వు నా మంచికే సేసేవు. కట్టించే ముందు నన్నొక్క మాట అడిగుంటే బాగుండును. అంతే."

అప్పుడు చెప్పవలసింది. నేనేమన్నానో తెలుసా? "కాళ్ళు కడుక్కో, అన్నం పెడతాను," అన్నాను. తను కాళ్ళు కడుక్కుంది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆసుపత్రిలో ఎనిమిదో రోజు, ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఉండగా, చెవి దగ్గర వంగి చెప్పాను. "తప్పు నాదే తల్లీ. నిన్ను అడగవలసింది." కళ్ళు మూసే ఉన్నాయి. విన్నదో లేదో నాకు తెలియదు. జపానికి కూర్చుంటే భగవంతుణ్ణి అదే అడుగుతున్నాను. ఆయనా చెప్పడం లేదు.

పెద్దకర్మ అయిన నాలుగోనాడు సాయంత్రం ఒక అమ్మాయి వచ్చింది. మేడం దగ్గర తొమ్మిదో క్లాసు చదువుతోందట. షేర్ ఆటోలో ఒక్కతే వచ్చింది. మా చెల్లెలి పటానికి దండం పెట్టింది. వెళ్ళకుండా గోడవారనే నిలబడింది.

"మంచినీళ్ళు తాగుతావా?"

"వద్దండి," అంది. "అమ్మమ్మగారూ, మా బావొకడున్నాడు. నేను ఎవరితో మాటాడినా ఊరుకోడు. ఫోను లాక్కుని సూస్తాడు. మొన్న సెయ్యి మెలిపెట్టేడు."

"ఇంట్లో సెప్పేవా?"

"సెప్పేనండి. వరసైనోడే కదే, రేపు నీకు మొగుడయ్యేవోడే, సర్దుకోమన్నారు. మేడంకి సెప్దామనుకున్నాను. ఈలోగా మేడం..."

నా నోటిదాకా వచ్చేశాయి మాటలు. మీ అమ్మ నంబరివ్వు, నేను మాట్లాడతాను, ఆ కుర్రాణ్ణి పిలిపించి బుద్ధి చెబుతాను. అన్నీ మింగాను. చాప తెచ్చి పరిచాను. ఆ పిల్ల కూర్చున్నాక ఎదురుగా నేనూ కూర్చున్నాను.

"నన్నేటి సెయ్యమంటావు, తల్లీ?"

ఆ మాట అంతకుముందు ఆ పిల్లని ఎవరూ అడిగినట్టు లేదు. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.

దీపం పెట్టే వేళ అయింది. దాటిపోయింది. దేవుడి గదిలో నూనె పోసి వత్తి వేసిన ప్రమిద వెలిగించకుండా అలాగే ఉంది. పిల్ల చెబుతూనే ఉంది. నేను లేవలేదు.